ఐదు కిలోల గడువు

నర్సింగ్ చదివి గల్ఫ్ విమానం ఎక్కబోయే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. పరీక్షలో ఏం అడుగుతారు, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి అంటారు. ఆ సంగతులు నాకంటే మీ ఫోన్లకే బాగా తెలుసు. నా దగ్గర ఉన్నవి డైరీలు మాత్రమే. ఏడాదికి ఒకటి చొప్పున ముప్పై ఒకటి. వాటిలో నేను గొప్పగా చేసిన పనులు తక్కువ, రోజూ చేసిన పనులు ఎక్కువ, సిగ్గుపడాల్సినవి కొన్ని. ఆ కొన్నింటిలోంచి ఒకటి చెబుతాను. పెద్దవాళ్ల గొప్పలు విన్నందువల్ల ఎవరికీ ఏమీ ఒరిగినట్టు నేను చూడలేదు.

నేను మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో, గుండె ఆపరేషన్ల విభాగంలో మగ నర్సుని. ఆడవాళ్లు సిస్టర్లయితే మేము బ్రదర్లం. ఇరవై ఏడేళ్ల వయసులో అంటుకున్న ఆ పిలుపు తల ముగ్గుబుట్టయ్యాక కూడా వదల్లేదు. తొంభై ఏళ్ల ఒమానీ తాతా బ్రదర్ అనేవాడు, ఆయన మునిమనవడూ బ్రదర్ అనేవాడు. వరస ఎలా కుదిరిందో వాళ్లే చెప్పాలి.

చివరి ఏడేళ్లు నా డ్యూటీ ఆపరేషన్‌కు ముందు రోగుల్ని చూసే క్లినిక్‌లో. ఎత్తు, బరువు, బీపీ, రక్తం, తర్వాత నాలుగు మంచి మాటలు. బరువు దగ్గర మాత్రం నేను ఎవరినీ నమ్మేవాణ్ణి కాదు. మత్తుమందు ఎంత ఇవ్వాలో బరువే చెబుతుంది. గుండెను ఆపినంతసేపూ దాని బదులు పనిచేసే యంత్రం నిమిషానికి ఎంత రక్తం తిప్పాలో లెక్క కట్టడానికీ అదే కావాలి. అందుకే ప్రతి ఆదివారం, వారం మొదలయ్యే రోజున, పది కిలోల ఇనుప గుండు పెట్టి కాటాను సరిచూసేవాణ్ణి. మా క్లినిక్‌లో ఆ గుండును నా పెద్ద కొడుకు అనేవారు.

కాటా ఎక్కే తీరును బట్టి మనిషి ఏ ఊరివాడో చెప్పగలిగేవాణ్ణి. ఒమానీ తాతలు చేతికర్రతో సహా ఎక్కేవారు. కర్ర పక్కన పెట్టమంటే, అదీ నాలో భాగమే అనేవారు. కేరళవాళ్లు చెప్పులు, వాచీ, ఫోను, పర్సు తీసి, ఊపిరి కూడా వదిలేసి ఎక్కేవారు. మనవాళ్లలో కొందరు ముందు వంగి, కాటాను చేత్తో తాకి కళ్లకద్దుకుని, ఆ తర్వాత కాలు పెట్టేవారు. పనిముట్టు మీద కాలు వేస్తున్నాం కదా, తప్పు కాయాలని.

అలా మొక్కి ఎక్కినవాడే ఈ కథలో మనిషి. నిర్మల్ వైపు పల్లెవాడు. అల్ అమెరాత్‌లో కట్టే ఇళ్ల దగ్గర సెంట్రింగ్ పని, స్లాబు కింద చెక్కలు కొట్టేది. ముప్పై నాలుగేళ్లు. చిన్నప్పటి కీళ్లజ్వరం గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసింది. ఆ కవాటం మార్చాలి. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, బరువు నలభై మూడు కిలోలు. అంకె తప్పు రాశానేమోనని నేనే మళ్లీ చూసుకున్నాను.

అతని వెనకే కడప వైపు ఆవిడ. ఖురంలో ఒక ఒమానీల ఇంట్లో పదహారేళ్లుగా వంటమనిషి. యాభై దాటింది. గుండె నాళాలు మూడు మూసుకుపోయాయి. తొంభై నాలుగు కిలోలు.

కాటా దగ్గర వాళ్లిద్దరి తొలి పలకరింపు నా డైరీలో ఉన్నది ఉన్నట్టుగా ఉంది.

“ఏమిరా తమ్ముడూ, మిషనుకు మొక్కుతాండావే, అదేమన్నా వరమిస్తాదా?”

“నా ఎనక నువ్వున్నవ్ గద అక్కా. దానికి బలమియ్యమని మొక్కిన.”

“ఓయబ్బ! ఒళ్లు లేకపోయినా నోరుండాదే నీకు!”

“ఒళ్లు నీ దగ్గర మస్తున్నది గద. జరంత ఇటు జరుపు.”

క్లినిక్ అంతా నవ్వింది. ఆరోజు నేను డైరీలో, అనుభవజ్ఞుణ్ణి కదా, రెండు ముక్కలు రాసుకున్నాను: ‘ఆమె – కష్టం. అతను – సులువు.’

మా సర్జన్ ఒమానీ. మాట తక్కువ, చేయి మెత్తన. రోజుకు ఇరవైసార్లు ‘మాఫీ ముష్కిల్’ అనేవాడు, అంటే ఇబ్బందేం లేదని. ఆయన ఇద్దరి కాగితాలూ చూసి, “ఆమెకు మూడు వారాల్లో డేటు ఇవ్వు. అతన్ని పంపించెయ్” అన్నాడు. నేను పొరపాటున కాగితాలు తారుమారుగా ఇచ్చాననుకున్నాను.

“ఆమె లావు నాకు పని పెంచుతుంది,” అన్నాడాయన. “గాయం మానడం ఆలస్యమవుతుంది, షుగరు అల్లరి చేస్తుంది. అవి నాకు తెలిసిన గొడవలు. ఇతని సంగతి వేరు. ఆపరేషన్ నేను చేస్తాను బ్రదర్. తర్వాత ఊపిరి మిషను వదిలించుకోవాలి, దగ్గాలి, లేచి నడవాలి, గాయం మాన్పుకోవాలి. అవి నేను చేయలేను. అతని కండ చేయాలి. కండ ఏది? కాస్త ఒళ్లున్నవాడికి ఇంట్లో గింజలు నిల్వ ఉన్నట్టు. ఇతని గాదె ఖాళీ.”

ఆరు వారాల్లో ఐదు కిలోలు పెరిగి రావాలి. అదీ గడువు. అంతకుమించి ఆగడానికి ఆ కవాటం ఒప్పుకోదు. పెరగకుండా బల్ల ఎక్కితే దిగుతాడన్న ధీమా సర్జన్‌కు లేదు. అసలు ఎక్కకపోతే ఏడాది గడవదు.

ఈ పని చూడాల్సింది మా డైటీషియన్. కేరళ అమ్మాయి, చురుకైనది. ఏం తినాలో, ఎప్పుడు జాగ్రత్తపడాలో ఒక కాగితం తయారుగా ఉంచింది. నేను అడ్డం పడ్డాను. “మావాడమ్మా, తెలుగులో చెబితేనే తలకెక్కుతుంది. నాకు వదిలెయ్” అన్నాను. ఆమె కాగితాన్ని పక్కన పెట్టి, గళ్ల కాగితం మీద స్కేలుతో గీతలు గీసి, కింద వారాలు, పక్కన కిలోలు వేసి, మంచి చార్టు తయారు చేశాను. ఎర్ర పెన్సిల్ చెక్కుకున్నాను. “ప్రతి ఆదివారం రా. ఈ గీత పైకి పోవాలి. అంతే, వేరే ఆలోచన వద్దు” అని అతనికి చెప్పాను.

అతని రూమ్‌లో అతను కాక ఆరుగురుండేవారు. అందరూ నిర్మల్ చుట్టుపక్కల జిల్లాలవాళ్లే. స్లాబ్ పని ఒప్పుకున్నట్టు వీడి బరువును ఒప్పుకున్నారు. పొద్దున గుడ్ల వంతు ఒకరిది, పాల వంతు ఒకరిది, శుక్రవారం మటన్ అందరిదీ. రూమ్‌కు దగ్గర్లో ఊరికి సామాన్లు పంపే కార్గో షాపు ఉంది. అక్కడ అట్టపెట్టెలు తూచే కాటా మీద రోజూ సాయంత్రం వీణ్ణి నిలబెట్టేవారు. షాపువాడు అలవాటు కొద్దీ, “ఏ ఊరికి?” అని అడిగేవాడట.

వంటావిడ కూడా చేయి వేసింది. ఆదివారం రాగానే టిఫిన్ క్యారియర్ అతని ఒళ్లో పెట్టేది.

“నన్ను తినొద్దన్నారు గానీ వండొద్దన్లేదు గదా! సంగటి ఉండాది, కోడికూర ఉండాది. ముద్ద దిగకపోతే ఊరగాయ నంజుకో. శీసా అంతా నీకే.”

“నువ్వేం తింటున్నవ్ అక్కా?”

“కీరకాయ. మేకకు ఏసినట్టు ఏస్తాండారు.”

అతను మొహమాటంగా మూత తీసేవాడు. ఆమె ప్రతి ముద్దా అతని నోట్లోకి పోయేదాకా కళ్లతో సాగనంపేది. తినేది అతనైనా రుచి ఆమెకు తెలిసేదనుకుంటాను.

ఇంతమంది తినిపించినా మూడో వారానికి గీత నలభై నాలుగు దగ్గర మొరాయించింది. “ఆర్గురు పెడుతున్నరు బ్రదర్, తినేటోన్ని నేనొక్కన్నే గద,” అన్నాడు నీరసంగా. ఆ వారమే వంటావిడకు ఆపరేషన్ అయింది. నేను కష్టం అని రాసుకున్న మనిషి మర్నాడే ఊపిరి మిషను వదిలించుకుంది, రెండో నాడు మంచం దిగింది, మూడో నాడు, “ఈ గంజి ఎవురు కాచినారు? వాళ్లను పిల్చకరాపో” అంది. ఛాతీ గాయం మాత్రం కింది కొసన మానకుండా పేచీ పెట్టింది. లావు పన్ను కట్టించుకోకుండా వదలదు. డిశ్చార్జి అయ్యాక కూడా కట్లు మార్పించుకోవడానికి రావాల్సి వచ్చింది.

నాలుగో ఆదివారం అతని బరువు నలభై ఐదున్నర. ఐదో ఆదివారం నలభై ఏడు. ఎర్రగీత గాలిపటంలా లేచింది. నా సంబరం చూడాలి! ఆ చార్టును గోడకు అంటించాను. కొత్తగా చేరిన నర్సులకు చూపించి, రోగి భాషలో చెప్పడం ఎంత ముఖ్యమో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. డైటీషియన్ వైపు ఒకసారి చూశాను కూడా. ఆ చూపు ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

ఆరో ఆదివారం అతను గోడ పట్టుకుని నడిచి వచ్చాడు. కాటాకు మొక్కడానికి వంగలేక చేయి ఊపి మమ అనిపించాడు. నేను అంకె చూస్తున్నాను, అతన్ని చూడలేదు. నలభై ఎనిమిది కిలోల తొమ్మిది వందల గ్రాములు! ఐదు పెరగమంటే దాదాపు ఆరు పెరిగాడు. “శభాష్” అని అరిచాను. డేటు రాయించుకుందామని ఫోన్ ఎత్తాను.

వంటావిడ అప్పుడే కట్టు మార్పించుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. దగ్గు వస్తే ఛాతీకి ఆనించుకోవడానికి మేము ఇచ్చిన దిండును పసిబిడ్డలా పట్టుకుని ఉంది. మూడు వారాలుగా అతన్ని చూడలేదు.

“ఏంది తమ్ముడూ, మొగం అట్ల పీక్కపోయిందే?”

“ఆరు కిలోలు పెరిగిన అక్కా!” ఆ మాట అనడానికి అతను రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

“యాడ పెరిగినావు? చెయ్యి సూపీ.”

చెయ్యెత్తాడు. మణికట్టు దగ్గర ఉండాల్సిన వెండి కడెం జారి మోచేతి దగ్గర ఆగింది. ఆమె కళ్లు కిందికి దిగాయి.

“బూట్లు యాల మడమ తొక్కి ఏసుకున్నావు?”

“పడతలేవు అక్కా. లావైన గద, కాళ్లు గూడ లావైనయ్.”

ఆమె నవ్వలేదు. నా వైపు తిరిగింది. “బ్రదర్ సారూ, ఆ ఫోను పెట్టేసి ఇట్ల రా. నన్ను వంగొద్దన్నారు. నువ్వు వంగు. ఆ పిల్లోడి కాలు మీద బొటనేలు పెట్టి నొక్కు.”

నొక్కాను. వేలు తీశాక కాలి మీద గుంట అలాగే ఉండిపోయింది. తడి సిమెంటు మీద వేలు పెట్టినట్టు.

“మా మేడమ్ వాళ్లమ్మకు నేను రోజూ కాళ్లు పడతా. ఇట్ల గుంత పడిన పొద్దు డాక్టర్‌కు ఫోన్ జేస్తారు. ఇది కండ గాదు సారూ. నీళ్లు.”

ముప్పై ఏళ్ల సర్వీసు, ముప్పై డైరీలు, పది కిలోల ఇనుప గుండు పెట్టుకున్నవాణ్ణి నేను. నేల మీద మోకాళ్లపై కూర్చుని ఆ గుంట వైపు చూస్తూ ఉండిపోయాను. గుండె బలహీనపడితే ఒంట్లో నీరు చేరుతుందనీ, నీరూ బరువేననీ నర్సింగ్ రెండో ఏడు పిల్లలకు కూడా తెలుసు.

“నీళ్ల మాత్ర వేసుకుంటున్నావా?” అని అడిగాను. ఒంట్లో నీరు నిలవకుండా చేయడానికి మేమిచ్చిన మాత్ర అది.

అతను తల దించుకున్నాడు. “అది ఏసుకున్న దినం కార్గో కాటా మీద కిలో తగ్గుతుండె బ్రదర్. రూమ్‌ల అందరం సూసినం. అందుకే బంద్ జేసిన. మీరే గద, గీత పైకి పోవాలె, వేరే ఆలోచన వద్దన్నరు.”

“రాత్రి నిద్ర పడుతోందా?”

“పండుకుంటె దమ్మాడ్తలేదు. గోడకు కూసొని పండుతున్న. చెప్తె డేటు పోతదని...”

తానిచ్చిన ఊరగాయ శీసా గుర్తుకొచ్చి వంటావిడ దిండును గట్టిగా పట్టుకుంది. ఉప్పు నీటిని ఒంట్లో ఆపుతుందని ఆమెకూ తెలుసు, వాళ్ల మేడమ్ తల్లికి చప్పిడి కూడు వండేది ఆమే. “నా చేత్తో నేనే పెట్టినా కదరా,” అంది.

నాకు గుర్తొచ్చింది డైటీషియన్ కాగితం. సొరుగులోంచి తీశాను. చివరి రెండు వరసలూ అవే: ఉప్పు, ఊరగాయ వద్దు. రెండు మూడు రోజుల్లో బరువు ఒక్కసారిగా పెరిగినా, కాళ్లు వాచినా వెంటనే రండి. ప్రతి రోగికీ నేను నిద్రలో కూడా చెప్పే మాటలవి. మావాడని పేరు పెట్టుకుని ఇతనొక్కడికే చెప్పలేదు.

సర్జన్ దగ్గరికి చార్టు పట్టుకెళ్లి జరిగిందంతా చెప్పాను. తప్పు నాది అన్నాను. ఆయన చార్టు అందుకున్నాడు.

“నీరు ఎంత ఉంటుంది?”

“ఆరు కిలోలు ఉండొచ్చు.”

“అంటే కండ పెరగలేదు.”

“కాస్త తగ్గింది కూడా.”

“గీతలు చాలా నిటారుగా గీశావు బ్రదర్,” అన్నాడు. ఆరోజు మాత్రం మాఫీ ముష్కిల్ అనలేదు. దానికంటే తిట్టి ఉంటే బాగుండేది.

వెంటనే వార్డులో చేర్చారు. మందులకు నీరు దిగింది. నాలుగో నాటికి కాళ్లు మామూలయ్యాయి, ఊపిరి కుదుటపడింది, కాటా నలభై రెండున్నర చూపించింది. అతనికి ప్రాణం నిలిచిన సంతోషం కంటే కిలోలు పోయిన దిగులే ఎక్కువగా ఉంది. “ఆరు వారాల కష్టం బ్రదర్! అన్నీ బాత్రూంల పోయినయ్,” అన్నాడు. చూడ్డానికి వచ్చిన రూమ్ వాళ్లు కూడా తలుపు దగ్గర చేతులు కట్టుకుని, వేసిన స్లాబ్ కూలినట్టు నిలబడ్డారు. వాళ్లకు నేనే క్షమాపణ చెప్పుకున్నాను. వాళ్లలో పెద్దవాడు, “పోనీ తియ్యి సారూ. సెంట్రింగ్ సరిగ లేకుంటె మల్ల కొడతం,” అన్నాడు. ఇంత పెద్ద మనసు నేను చాలామంది ఆఫీసర్లలో చూడలేదు.

ఆ తర్వాత పని డైటీషియన్ చేసింది. నేను ఆమె చెప్పిన మాటను తెలుగులోకి మార్చేవాణ్ణి, అంతకుమించి నోరెత్తలేదు. రోజుకు ఆరుసార్లు కొద్దికొద్దిగా తిండి, పాలపొడి కలిపిన పాలు, గుడ్లు, పప్పు, వరండాలో నడక. కాటా ఎక్కించేముందు కాలు నొక్కి చూడటం, టేపుతో జబ్బ కొలవడం మొదలుపెట్టాం. బీపీ మిషను రబ్బరు బుడ్డి పిసకమనేవాణ్ణి. మొదట్లో సగం కూడా నొక్కలేకపోయేవాడు. మూడు వారాలకు బుడ్డి పూర్తిగా నలిగింది. బరువు నలభై నాలుగు. జబ్బ ఒక సెంటీమీటరు పెరిగింది. ఆ సెంటీమీటరు చూసి నేను ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు.

“ఇక ఆగలేం,” అన్నాడు సర్జన్. “నలభై తొమ్మిది అబద్ధం కంటే నలభై నాలుగు నిజం నయం. కానీ ఇది తక్కువే. అతనికి ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

చెప్పాను. అతను కడెం తిప్పుకున్నాడు.

“లేస్తనా బ్రదర్?”

నా సర్వీసంతా ఈ ప్రశ్నకు ‘తప్పకుండా’ అనే జవాబు చెప్పాను. ఆరోజు ఆ మాట రాలేదు. “డాక్టర్ పని డాక్టర్ చేస్తాడు. ఆ తర్వాత ఊపిరి తీయడం నీ వంతు. అది ఎవరూ నీ బదులు చేయలేరు,” అన్నాను.

“ఓవర్‌టైమ్ డ్యూటీ అన్నట్టు,” అని సంతకం పెట్టాడు.

కవాటం బాగా అమరింది. సర్జన్ తన వంతు చక్కగా ముగించాడు. కానీ అందరికీ మర్నాడు తీసే ఊపిరి గొట్టం ఇతనికి తీయలేకపోయారు. మిషను సాయం తగ్గించగానే పక్కటెముకలు ఎగిరెగిరి పడేవి, పది నిమిషాల్లో అలిసిపోయేవాడు. రెండో నాడూ అంతే, మూడో నాడూ అంతే. నేను నా క్లినిక్‌లో కూర్చుని రోగుల బరువులు రాస్తూనే ఉన్నాను. ఆ ఐదు కిలోలు నిజంగా పెరిగి ఉంటే, నేను ఆ కాగితం చదివి ఉంటే, అనే లెక్క ప్రతి అంకె పక్కనా కనపడేది. ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. ఆ మూడు రోజుల పేజీలు ఇప్పటికీ ఖాళీ.

నాలుగో నాడు మధ్యాహ్నం ఐసీయూ నుంచి పిలుపు వచ్చింది. “మళ్లీ ప్రయత్నిస్తున్నాం. మీ భాషలో చెప్పేవాళ్లు కావాలి.”

వెళ్లేసరికి అద్దం బయట వంటావిడ నిలబడి ఉంది. కట్టు మార్పించుకోవడానికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే అక్కడికి చేరింది. లోపలికి మాట వినపడదు. అయినా మాట్లాడుతోంది. దిండును ఒక చేత్తో ఛాతీకి అదుముకుని, రెండో చేత్తో పీల్చు, వదులు, పీల్చు అని అభినయం పడుతోంది.

నేను అతని చెవి దగ్గర వంగాను. “తొందర వద్దు. నెమ్మదిగా లోపలికి... ఇప్పుడు వదులు. ఇంకొకటి.” అతని కళ్లు నా మీద లేవు, అద్దం మీద ఉన్నాయి. ఆమె చేయి లేస్తే ఛాతీ లేచింది, దిగితే దిగింది. పది నిమిషాలు దాటాయి. అరగంట దాటింది. ఐసీయూ డాక్టర్ గడియారం చూశాడు, మానిటర్ చూశాడు, తల ఊపాడు. “దగ్గమను” అన్నాడు. నేను చెప్పేలోపే బయట ఆవిడ దిండు నొక్కుకుని దగ్గి చూపించింది. అతనూ దగ్గాడు. గట్టిగా కాదు గానీ నిజంగా దగ్గాడు. గొట్టం బయటికి వచ్చింది.

అప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి. మెదడు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి అదొక పద్ధతి: పేరేమిటి, ఎక్కడున్నావు, ఈరోజు ఏ వారం. ఫారం పట్టుకుని వరసగా అడిగాను.

అతను ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. అద్దం వైపే చూస్తూ పెదాలు కదిపాడు. గొంతు బొంగురుపోయి మాట బయటికి రాలేదు. నేను చెవి ఆనించాను.

“అక్కను... ఇప్పుడన్న... తిననిస్తున్నరా?”

“ఏమంటున్నాడు?” అని అడిగాడు డాక్టర్. “ప్రశ్నలకు సరిగ్గా చెప్పాడా?”

“అన్నింటికీ చెప్పాడు సార్,” అని మూడు గళ్లలోనూ టిక్కు పెట్టాను.